కొయ్య చెంచాలవాళ్ళ ఇంటిపేరు

నా భర్త పోయి నెల తిరగకముందే ఆయన పెదనాన్న కొడుకు డెట్రాయిట్ పక్కన నోవై ఊళ్ళో మా ఇంటికి వచ్చాడు. చంకలో చుట్టచుట్టిన మ్యాప్ ఉంది. మంచు అంటిన బూట్లు గుమ్మంలో విప్పి, నేరుగా భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళి దాన్ని పరిచాడు. మళ్ళీ చుట్టుకుపోకుండా ఒక మూల ఆవకాయ సీసా, ఒక మూల మందుల డబ్బా పెట్టాడు. ఆ మందుల డబ్బా నేనింకా తీసి పారేయలేదు.

అది అమెరికా మ్యాప్. దాని మీద ఎర్ర చుక్కలు. డెట్రాయిట్ చుట్టూ, క్లీవ్‌లాండ్ దగ్గర, షికాగోలో పెద్దవి. కాలిఫోర్నియాలో, ఫ్లోరిడాలో చిన్నవి. మా ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో ఆ చుక్కలు చెబుతాయి. కుటుంబం పెద్దదైతే చుక్క పెద్దది.

“ఇది మీరు,” అని నోవై మీద వేలు పెట్టాడు. “ఇద్దరికి వేసిన చుక్క. ఇప్పుడు ఒక్కరే కదా. చిన్నది చేయాలా, అలాగే ఉంచాలా అని ఆలోచిస్తున్నాను.”

“మీ మ్యాప్, మీ ఇష్టం,” అన్నాను.

“అలాగే ఉంచుతాను. గౌరవంగా ఉంటుంది.”

నన్ను ఓదార్చడానికే ఆ మాట అన్నాడని తర్వాత అర్థమైంది. ఓదార్పు అంటే అతనికి తెలిసింది అంతే.

మన వరసలో అతను నాకు బావగారు. ఆ మాట అతనికి తెలియదు కాబట్టి నేను వాడాల్సిన అవసరం రాలేదు. అందరిలాగే డాక్టరు అనేదాన్ని. రొమేనియా నుంచి చిన్నప్పుడే తల్లిదండ్రులతో వచ్చి ఇక్కడే పెరిగాడు. పళ్ళ డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. చేతులకు పని లేకపోయేసరికి ఇంటిపేరు పట్టుకున్నాడు. డెట్రాయిట్ దగ్గరి రొమేనియన్ చర్చికి కమిటీ పెద్ద కూడా అతనే.

నా భర్త వచ్చింది తొంభైల్లో, ఒంటరిగా. కారు సీట్ల ఫ్రేములు డిజైన్ చేసే కంపెనీలో ఇంజనీరు. నేను ఎమ్మెస్ ముగించి అదే కంపెనీలో చేరాను. రెండువేల మూడులో పెళ్ళి చేసుకున్నాం.

ఆయన ఇంటిపేరుకు వాళ్ళ భాషలో కొయ్య చెంచాలు చేసేవాడు అని అర్థం. దాని వెనక వెతకాల్సిందేమీ లేదు. మన కుమ్మరి, కంసాలి లాంటి మాట. పెళ్ళికి ముందే ఆయన నాకంతా చెప్పారు. ఆయన పూర్వీకులు అడవి అంచున ఉండేవారు. మెత్తటి కొయ్యతో చెంచాలు, తొట్లు చెక్కి ఊరూరా తిరిగి అమ్మేవారు. వాళ్ళు జిప్సీలు. జిప్సీలు ఆ దేశంలో కొన్ని వందల ఏళ్ళు బానిసలు. రాజులకు, భూస్వాములకు, మఠాలకు సొంత ఆస్తి. విడుదల చేశాక ఏదో ఒక ఇంటిపేరు రాయాల్సి వచ్చింది. చాలామందికి చేసే పనే రాసేశారు.

“పేరు చెప్పగానే మా టీచరు నన్ను వెనక బెంచీకి పంపింది,” అన్నారు. ఫిర్యాదుగా అనలేదు. కాఫీలో చక్కెర కలుపుకుంటూ అన్నారు.

నేను నవ్వాను. ఎందుకని అడిగితే మా సంగతి చెప్పాను. మాది కోస్తాలో క్రైస్తవ కుటుంబం. మా ఇంటిపేరు చెబితే ఏ పేటవాళ్ళమో అవతలివాళ్ళకు తెలిసిపోతుంది. అందుకే అడుగుతారు. ఆయన పేరు తీసుకుంటానని నేనే అన్నాను. మా దేశంవాళ్ళకు అందులోంచి ఏ వాసనా రాదు. వాళ్ళ దేశంవాళ్ళకు ముందు వచ్చేది ఆ వాసనే. ఆ ఏర్పాటు మా ఇద్దరికీ నచ్చింది.

అయినా మనవాళ్ళు వదలరు. పెళ్ళైన కొత్తలో, తలా ఒక వంట తెచ్చుకునే తెలుగువాళ్ళ పొట్లక్‌కి వెళితే ఒక ఆంటీ నా ప్లేట్లో పప్పు వేస్తూనే మొదలుపెట్టింది.

“ఏ ఊరమ్మా మీది?”

“తెనాలి దగ్గరండీ.”

“అబ్బో, మావాళ్ళు బోలెడుమంది అటే. ఇంటిపేరు?”

మా ఆయన పేరు చెప్పాను. అది ఆవిడ నోటికి అందలేదు.

“అది కాదు తల్లీ. అదేదో వాళ్ళది. మీ నాన్నగారిది చెప్పు. ఒరిజినల్‌ది.”

“పాస్‌పోర్ట్ రెన్యూ చేసినప్పుడు తీసేశారు ఆంటీ.”

“తీసేస్తే మాత్రం పోతుందా?” అంది ఆవిడ, ఇంకో గరిటె వేస్తూ. ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా, నవ్వుతూనే, ఆ ప్రశ్న మళ్ళీ అడిగేది. ఆవిడ వేరే ఏ విషయంలోనూ అంత పట్టుదల చూపించగా నేను చూడలేదు.

డాక్టరుకు అలాంటి ప్రశ్నలతో పని లేదు. జవాబు ముందే రాసి పుస్తకం వేశాడు. దాని ప్రకారం మా మూలపురుషుడు ఒకానొక రాజు కొలువులో చెంచాల అధికారి. రాజు భోజనానికి కూర్చుంటే వెండి చెంచా అందించేవాడట. ఆ రాజుల దగ్గర మద్యం అందించే అధికారి ఉండేవాడు, వంటశాల చూసే అధికారి ఉండేవాడు. అవి చరిత్రలో ఉన్నాయి, నేనూ చదివాను. చెంచాల అధికారి మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఆధారం ఏమిటని నా భర్త ఒకసారి అడిగారు.

“తర్కం,” అన్నాడు డాక్టరు. “రాజు తింటాడు కదా. చెంచా ఎవరో ఒకరు ఇవ్వాలి కదా.”

పుస్తకం అట్ట మీద ఒక డాలు. డాలు మీద సింహం. సింహం పంజాలో చెంచా. వేటాడి తినే జంతువుకు చెంచాతో ఏం పనో అతనికి తట్టలేదు.

ఆ మ్యాప్‌లో లేనివి కూడా చెప్పాలి. ఇటలీ లేదు, స్పెయిన్ లేదు. ఈ మధ్య కాలంలో మా ఇంటిపేరువాళ్ళు ఎక్కువగా వెళ్ళింది ఆ రెండు చోట్లకే. ఇటలీలో ముసలివాళ్ళకు స్నానాలు చేయిస్తారు. స్పెయిన్‌లో స్ట్రాబెర్రీలు కోస్తారు. నా భర్త సొంత చిన్నాన్న కూతురు స్పెయిన్‌లోనే ఉంది. అక్కడివాళ్ళకూ ఒక మ్యాప్ ఎందుకు వేయలేదని అడిగితే, “వాళ్ళు టెంపరరీ,” అన్నాడు. ఆమె వెళ్ళి పన్నెండేళ్ళు దాటింది.

జబ్బు సంగతి తెలిశాక నా భర్త ఆఫీసు మానేసి గరాజులో చెంచాలు చెక్కడం మొదలుపెట్టారు. పక్కింటివాళ్ళు పోప్లర్ చెట్టు కొట్టిస్తే ఆ దుంగలు అడిగి తెచ్చుకున్నారు. ఆయన తాత చెక్కుతుంటే చూడడమే గాని తాను ఎప్పుడూ చేయలేదు. మొదట చెక్కినవి పగిలాయి. తర్వాతవి నోట్లో పట్టనంత మందంగా వచ్చాయి. చివరికి వచ్చినవి చెంచాల్లా ఉన్నాయి. అంతకుమించి మెచ్చుకుంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. పిడుల మీద పువ్వులు లేవు, తీగలు లేవు. నూనె పట్టించి ఆరబెట్టేది నేను.

“నా పొమనలో ఇవి ఇవ్వు. ఇంకేమీ వద్దు,” అన్నారు.

పొమన అంటే పోయినవారి పేరున పెట్టే భోజనం. నలభయ్యో రోజున పెడతారు. తిండితోపాటు గిన్నో, మగ్గో, చెంచానో కూడా ఇచ్చేస్తారు, ఒక కొవ్వొత్తి పెట్టి. ఇచ్చేటప్పుడు పోయినవారి సొంత పేరు ఒక్కటే చెబుతారు. ఇంటిపేరు చెప్పరు, దేవుడికి దానితో అవసరం లేదట. తీసుకున్నవాళ్ళు ‘బొగ్దప్రోస్తే’ అంటారు, దేవుడు వారిని క్షమించుగాక అని. వద్దనకూడదు. వద్దంటే అది పోయినవారికి అందదని నమ్మకం.

మా తెలుగు చర్చిలో ఇవేమీ లేవు. పాస్టరుగారు ఆదరణ కూడిక పెట్టి, ప్రార్థన చేసి వెళ్ళారు. పోయినవాళ్ళకు చెంచాలు అందుతాయని నేను నమ్మను. ఆయన అడిగారు, నేను సరేనన్నాను. నాకు మిగిలిన పని అదొక్కటే.

మ్యాప్ తెచ్చిన రోజునే డాక్టరు ఆ విషయం ఎత్తాడు. “పొమన సంగతి నాకు వదిలేయండి. మగ్గులు ఆర్డర్ చేశాను. మన డాలు ప్రింట్ చేయించి.”

నేను గరాజులోంచి చెంచాల పెట్టె తెచ్చి ముందు పెట్టాను. అతను ఒకటి తీసి, రెండు వేళ్ళతో పట్టుకుని, పుచ్చిపోయిన పన్నును చూసినట్టు చూశాడు.

“ఇవి ఇంట్లో ఉంచుకోండి. జ్ఞాపకంగా.”

“పంచమన్నారు.”

“జబ్బులో మనిషి సవాలక్ష అంటాడు. అందరి ముందూ మనం కొయ్య చెంచాలు పంచితే ఏమనుకుంటారు?”

“చెంచాలవాళ్ళనుకుంటారు.”

“ఏ చెంచాలవాళ్ళని?” అన్నాడు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నా గొంతు తగ్గించి, తలుపు వైపు చూశాడు. “మీకు తెలియదులెండి. మీరు ఇండియన్. పేరునిబట్టి మనిషిని తూచడం మీ వైపు ఉండదు.”

నా భర్త పోయాక నాకు నవ్వు వచ్చింది ఆ ఒక్కసారే. దాన్ని లోపలే ఉంచుకున్నాను.

“చర్చి హాలు కమిటీది,” అని లేచాడు. “కమిటీలో నా మాట కాదనేవాళ్ళు లేరు. మగ్గులే ఇద్దాం.” మ్యాప్ చుట్టుకుని, ఆవకాయ సీసా తీసిన చోట కాకుండా ఇంకెక్కడో పెట్టి వెళ్ళిపోయాడు.

పొమన నాటికి వాళ్ళకు ఈస్టర్ ముందు ఉపవాస కాలం. మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. చర్చి ఆడవాళ్ళు అన్నం, పుట్టగొడుగులు కూరిన క్యాబేజీ చుట్టలు, తీపి గోధుమలు చేశారు. నేను పులిహోర చేశాను. ఆ నియమానికి పులిహోర ఎక్కడా అడ్డు రాదు. పైగా దాన్ని చేత్తో తినడం వాళ్ళకు చేతకాదు.

అందరికంటే ముందు హాలుకు వెళ్ళాను. మగ్గుల పెట్టెలు తలుపు పక్కనే ఉన్నాయి. వాటిని అక్కడే ఉండనిచ్చాను. ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు తీసి అలమరలో పెట్టాను. కాగితం గిన్నెల్లో పులిహోర పెట్టి, ఒక్కోదానికి ఒక కొయ్య చెంచా, ఒక కొవ్వొత్తి చేర్చాను. ఫాదర్ వచ్చి బల్ల మీద ఉన్నవాటికి ప్రార్థన చేశారు. బల్ల మీద ఉన్నవి అవే.

వరస కట్టారు. ఒక్కొక్కరికీ గిన్నె అందిస్తూ నా భర్త పేరు చెప్పాను. బొగ్దప్రోస్తే, అంటూ తీసుకున్నారు. ముసలమ్మలు చెంచాను తిప్పి వెనక వైపు కూడా చూశారు. ఒకావిడ అందరి ముందే దాన్ని చేతిసంచిలో పెట్టుకుని, తినడానికి ఇంకోటి అడిగింది. ఎవరూ మొహం చిట్లించలేదు. ఆ పేరుకు అర్థమేమిటో వాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. అది వాళ్ళ భాషే కదా. ఇన్నేళ్ళూ డాక్టరు పుస్తకం తీసుకుని, సింహాన్ని చూసి, మర్యాదకు తల ఊపారు. తనవల్లే సంగతి దాగి ఉందని అనుకున్నది అతనొక్కడే.

అతని వంతు వచ్చింది.

“మగ్గులేవి?” అన్నాడు, పెదాలు కదలకుండా.

“తలుపు దగ్గరున్నాయి.”

గిన్నె చాచి నా భర్త పేరు చెప్పాను. అతను చేతులు కోటు జేబుల్లోంచి తీయలేదు. అతని వెనక ఫాదర్ ఉన్నారు, ఫాదర్ వెనక ముసలమ్మలు. నేను గిన్నె అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆ కాసేపట్లో నేను ఆలోచించింది డాక్టరు గురించి కాదు. గరాజులో చలికి వేళ్ళు వంగక, చెంచాను మోకాళ్ళ మధ్య బిగించి చెక్కిన మనిషి గురించి.

“తీసుకోవయ్యా డాక్టరూ,” అంది వెనకనుంచి ఒక ముసలమ్మ. “పోయినవాణ్ణి అట్లా నిలబెడతావా?”

తీసుకున్నాడు. అనాల్సిన మాట అన్నాడు. నాకు వినపడేంత గట్టిగానే అన్నాడు.

వరస చివర్లో పొట్లక్ ఆంటీ ఉంది. పరామర్శకని వచ్చింది. గిన్నె అందుకుని చెంచా పైకెత్తి చూసింది.

“ఇదేంటమ్మా, రిటర్న్ గిఫ్టా?”

“ఇంటిపేరు ఆంటీ. మీరు అడుగుతుండేవారు కదా.”

ఆవిడ చెంచాను అటూ ఇటూ తిప్పింది. “డిష్‌వాషర్‌లో వేయొచ్చా?” అంది.

పులిహోర గిన్నె కారులో పెట్టుకుంటుంటే డాక్టరు దగ్గరికి వచ్చాడు. చెంచా కోటు పై జేబులో ఉంది. తిన్నట్టున్నాడు, ఆ తెల్లటి కొయ్యకు పసుపు పట్టింది.

“పిడి మీద డాలు చెక్కిస్తాను. నాకు తెలిసినవాడు ఉన్నాడు,” అన్నాడు.

నేను కారు డిక్కీ మూశాను.

అతను చెంచా బయటికి తీసి బొటనవేలితో రుద్దాడు. రుమాలు తీసి మళ్ళీ రుద్దాడు.

“ఈ రంగు కడిగితే పోతుందా?”

“పోదు,” అన్నాను.