ముందుగా పెట్టిన రూపాయి

మా తమ్ముడు ఎలీయాజరుకి ఒక జబ్బుంది. ఏ డాక్టరూ దానికి మందు రాయలేడు. పని చేసిపెట్టిన మనిషి చేతిలో ఎంత పెట్టాలో వాడికి తెలియదు. పెట్టకముందు గంటసేపు బాధపడతాడు, పెట్టాక వారం రోజులు బాధపడతాడు. తక్కువైందేమో అని ఒక పూట, ఎక్కువైందేమో అని ఇంకో పూట.

మాది నల్లజర్ల పక్కన మెట్ట ఊరు. అక్కడ ఈ బెడద లేదు. మంగలికైనా చాకలికైనా ఏడాదికోసారి కళ్ళంలో గింజలు కొలిచేవారు. ఎవరికెన్ని కుంచాలో తాతలనాడే తేలిపోయింది. మావాడు మిషను బడిలో మాస్టరై, నెలనెలా రూపాయలు చేతికొచ్చాకే ఈ జబ్బు పట్టుకుంది. ఒకసారి తాడేపల్లిగూడెం స్టేషనులో పెట్టె మోసిన కూలీకి అర్ధణా ఇచ్చాడు. ఆ మనిషి దాన్ని ఓసారి చూసి రొంటిన దోపుకున్నాడు, అంతే. "ఎందుకలా చూశాడక్కా?" అని నన్ను పీక్కుతిని, రైలు కదిలాక కిటికీలోంచి ఇంకో అర్ధణా విసిరాడు. ఏలూరు వచ్చేదాకా అది కంకరలో పడిపోయిందేమోనని ఒకటే గోల. నాకు ఒళ్ళు మండి, "నువ్వు కూడా దూకి వెతుక్కోరా" అన్నాను.

నా పెనిమిటి పోయాక నేను వాడి దగ్గరే ఉంటున్నాను. పందొమ్మిది వందల ముప్పై నాలుగులో వాడికి కొల్లేటి లంకలో బడి ఇచ్చారు. నాలుగు వైపులా నీళ్ళు, మధ్యన మిట్ట మీద గుడిసెలు. ఉప్పు కావాలన్నా దోనె ఎక్కాల్సిందే. మెట్ట వాళ్ళం, నీళ్ళంటే మాకు భయం. వాడి భార్య సువార్తమ్మ మాత్రం నెల తిరక్కుండానే అక్కడి ఆడవాళ్ళతో కలిసిపోయింది. ఎవరింట్లో ఏ కూర వండారో దానికి తెలిసేది. అప్పటికి దానికి తొలిచూలు.

శ్రావణమాసంలో ఒక తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. ఎండ ఎక్కినా బిడ్డ కదల్లేదు. మంత్రసాని పాపమ్మ చేతులు కడుక్కుని బయటికొచ్చి నన్ను పక్కకి పిలిచింది.

"బిడ్డ అడ్డం తిరిగిందండీ. నా చేతిలో లేదండీ ఇక. ఏలూరు ఆసుపత్రికి తీసికెళ్తే తల్లయినా దక్కుద్ది."

ఆ 'తల్లయినా' అన్న మాట వినగానే తమ్ముణ్ణి కేకేశాను. నులక మంచంతోనే సువార్తమ్మని రేవుకి మోసుకొచ్చాం. మా రేవులో దోనె నడిపేది వీరాస్వామి. మాట తక్కువ మనిషి. పిలవగానే వచ్చి చాప పరిచి, దానిమీద సువార్తమ్మని పడుకోబెట్టించి, గెడ చేతపట్టుకున్నాడు. అప్పుడు చేశాడు మావాడు చెయ్యాల్సిన పని.

మామూలు రోజుల్లో దాటింపుకి మనిషికి అణా. కష్టంలో ఉన్న మనిషిని దాటిస్తే ఎంత అని ఎవరూ చెప్పరు. అడిగితే 'మీ ఇష్టమండీ' అంటారు. ఆ మాట వింటే మా తమ్ముడికి జ్వరం వచ్చినంత పని. రేవుకి వచ్చే దారంతా అదే లెక్క వేసుకున్నట్టున్నాడు. తాడేపల్లిగూడెంలో బండి కట్టించుకుంటే బయానా ముందే ఇస్తారు, ముందిస్తే బండివాడు హుషారుగా తోలతాడు. అదే వాడి బుర్రలో ఉంది. జేబులోంచి నిండు రూపాయి తీసి దోనె బల్ల మీద పెట్టాడు.

"ముందే ఉంచు వీరాస్వామీ. త్వరగా పోనీ."

వీరాస్వామి గెడ పైకెత్తేశాడు. ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు.

"చాల్లేదేమో" అని నాతో గొణిగి, మావాడు దాని పక్కన ఇంకో రూపాయి పెట్టాడు.

వీరాస్వామి గెడ వదిలేసి నీళ్ళలోకి దిగిపోయాడు. పాపమ్మ గబగబా వచ్చి నా చెవిలో చెప్పింది. ఆ రేవులో బతికున్నవాళ్ళు ఎవరైనా సరే, అవతలి ఒడ్డున కాలు పెట్టాకే కూలి ఇస్తారు. శవాన్ని దాటించేటప్పుడు మాత్రమే ముందు డబ్బు పెడతారు. దిగి ఇచ్చే మనిషి ఉండడు కాబట్టి. మా బుద్ధిమంతుడు ఒకసారి కాదు, రెండుసార్లు పెట్టాడు.

"తెలీక పెట్టాడు బాబూ. తీసేసుకుంటాడు" అన్నాను.

"పెట్టినోళ్ళు తీయకూడదండీ" అన్నాడు వీరాస్వామి. అతని ముఖంలో కోపం లేదు, భయం ఉంది. "నా దోనెలో అమ్మగారికి ఏవన్నా అయితే నేను బతగ్గలనాండీ?"

మావాడు బైబిలు వాక్యాలు ఎత్తుకున్నాడు. ఇవన్నీ మూఢనమ్మకాలన్నాడు. మళ్ళీ జేబులో చెయ్యి పెట్టబోతే నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. ఇంకోటి పెట్టి ఉంటే వాణ్ణి అక్కడే నీళ్ళలో ముంచేదాన్ని, నిజం చెబుతున్నాను. అవతల ఒక ప్రాణం గిలగిల్లాడిపోతోంది, ఇవతల వీడి వాక్యాలు.

సువార్తమ్మే చెయ్యి చాపింది. బల్ల మీద రూపాయలు రెండూ తడిమి తీసుకుని కొంగున ముడేసింది. పళ్ళు బిగబట్టి అంది: "ఒడ్డు దిగాక నా చేత్తో నేనే ఇస్తాను అన్నా. నడుపు."

వీరాస్వామి ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. తర్వాత ఎక్కి గెడ వేశాడు. అంత జోరుగా దోనె పోవడం నేను ఆ తర్వాత చూడలేదు.

అవతలి ఒడ్డు చేరేసరికి సువార్తమ్మకి స్పృహ లేదు. మావాడు కొంగుముడి విప్పబోయాడు. వీరాస్వామి తల అడ్డంగా ఊపి, ఆమెని రెండు చేతులా ఎత్తి జట్కాలో పడుకోబెట్టి, తను వెనకాల వేలాడుతూ ఏలూరు దాకా వచ్చాడు.

ఆసుపత్రిలో ఆమెని లోపలికి తీసుకుపోయి తలుపులు వేశారు. ఇక మా తమ్ముడు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆయాకి పావలా, గేటు దగ్గర కాపలావాడికి బేడ, నేల తుడిచేవాడికి అణా. ఇచ్చిన ప్రతిసారీ వాళ్ళ మొహం చూడడం, మళ్ళీ నా దగ్గరికి రావడం. మధ్యలో గేటు దగ్గరికి పోయి చూస్తే వీరాస్వామి అక్కడే గోడకి చేరబడి కూర్చున్నాడు. మావాడు రెండు రూపాయలన్నాడు. మూడన్నాడు. అయిదు దాకా వెళ్ళాడు. వీరాస్వామి చేతులు ఒళ్ళోంచి తీయలేదు.

"ఇంకెంత కావాలో నువ్వయినా అడుగక్కా. నా వల్ల కావడం లేదు" అని ఏడుపుమొహం పెట్టాడు.

వెళ్ళి అడిగాను. వీరాస్వామి లేచి నిలబడ్డాడు.

"మీరిస్తే తీసుకోవడవేనాండీ? అమ్మగారు ఇస్తానన్నారు కదండీ. ఆవిడ కూలి ఇంకోళ్ళ చేతిమీదుగా తీసుకుంటే, ఆవిడ లేదని నేనే ఒప్పుకున్నట్టు కదండీ."

ఆ మాట తీసుకొచ్చి తమ్ముడికి చెప్పాను. వాడు పోయి వీరాస్వామి పక్కన నేల మీద కూర్చున్నాడు.

సాయంత్రానికి డాక్టరు దొరసాని వచ్చి, తల్లి బతికిందని చెప్పింది. మగబిడ్డ దక్కలేదు.

సువార్తమ్మకి తెలివొచ్చింది గాని మనిషి వెనక్కి రాలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. కంట్లో నీటిచుక్క లేదు. మందు మింగదు, గంజి తాగదు. తమ్ముడు పిలిచినా, నేను బతిమాలినా ఊఁ అనదు. మర్నాడూ అంతే. "ఇలాగే ఉంటే కష్టం" అంది దొరసాని. నాకు దోనెలో కంటే అప్పుడే ఎక్కువ భయం వేసింది.

చూడ్డానికి మనుషుల్ని వదిలే వేళకి వీరాస్వామి లోపలికొచ్చాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు.

"అమ్మగారండీ, నా కూలి ఇప్పించండి."

బిడ్డ పోయిన తల్లి దగ్గరికొచ్చి కూలా! "సిగ్గు లేదా నీకు?" అని లేచాను. అతను నా వంక చూడనే లేదు.

"ఒడ్డు దిగాక మీ చేత్తో ఇస్తానన్నారండీ. మీ మాట మీదే నడిపానండీ."

సువార్తమ్మ మెల్లిగా ఇటు తిరిగింది. దాని కొంగులోంచి విప్పి నేను తలగడ కింద దాచిన రూపాయలు రెండూ తీసి దాని చేతికిచ్చాను. అది వాటిని అతని దోసిట్లో వేసింది. వెయ్యగానే గుండెలవిసిపోయేలా ఏడ్చింది.

ఏడుపు సద్దుమణిగేదాకా వీరాస్వామి కదల్లేదు. తర్వాత ఒక రూపాయి మొలలో దోపుకుని, రెండోది మళ్ళీ దాని చేతిలో పెట్టాడు.

"ఇది తిరుగు దాటింపుకండీ. మన రేవులో దిగాక ఇద్దురుగాని. దోనె ఈవైపు ఒడ్డునే కట్టేసి ఉంచుతానండీ."

అతను వెళ్ళిపోయాడు. సువార్తమ్మ ఆ రూపాయిని గుప్పిట్లో మూసుకుని నా వైపు చూసింది.

"కాస్త గంజి ఉందా వదినా?" అంది.