భిలాయిలో రత్నం దుమ్ముబొమ్మ

పిల్లలూ, భిలాయి పేరెత్తితే ఈ నాయనమ్మకి కోపమెందుకని అడిగారుగా, చెబుతాను. తొంభైల నాటి మాట. అప్పటికది మధ్యప్రదేశే. నా చిన్ననాటి స్నేహితురాలు నూకరత్నం పెళ్లయి అక్కడే స్థిరపడింది. వాళ్లాయన ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరయ్యాడు. ఉగాదికి సెక్టర్ ఏడులో తెలుగువాళ్ల హాల్లో తను గీసిన బొమ్మ పెడుతున్నారని, చూడ్డానికి రమ్మని రాసింది.

విజయనగరంలో రాత్రి బండెక్కి, పులిహోర తిని పడుకున్నాను. తెల్లారాక ఎదుటి సీటావిడ నా చీర చూసి నవ్వింది. "భిలాయికి తెల్లచీర కట్టుకెళ్తన్నారేటండీ, మాయమ్మే!"

రాయపూర్‌లో దిగి వేడివేడి పోహా, అదే అటుకుల ఉప్మా, తిన్నాను. మీరు వెళ్తే అది వదలకండి. లోకల్ రైల్లో పవర్‌హౌస్ స్టేషన్ చేరేసరికి తొమ్మిదయింది. అక్కణ్ణించి టెంపోలో మరోదా అనే పేటకి వెళ్లాను, రత్నం ఇల్లు అక్కడే. భోంచేసి ఇద్దరం హాలుకి బయల్దేరాం.

దారిలో బొమ్మ సంగతి చెప్పింది. షిఫ్టు వదిలాక సైకిళ్ల మీద గేటు దాటి వచ్చే మనుషులట. సైకిళ్లు నల్లసిరాతో గీసింది. మనుషుల్ని మాత్రం కిటికీల మీద పడే ఫ్యాక్టరీ ఎర్రదుమ్ము జల్లించి, పల్చటి జిగురునీళ్లు కలిపి వేసింది.

"కొట్లో రంగులు దొరకవేటే?" అన్నాను.

"దొరక్కేం. ముప్పయ్యేళ్లు ఆయన చొక్కాల్లోంచి ఈ దుమ్మే ఉతికేను. ఆ మనిషిని గియ్యడానికి వేరే రంగెందుకే?"

హాల్లో బొమ్మ బల్లమీద ఉంది. సైకిళ్లున్నాయి, మనుషుల్లేరు. హ్యాండిల్ పట్టుకున్న చేతులు కూడా లేవు. అక్కడక్కడా ఎర్రటి చారలు, అంతే.

ఆ హాలు సెక్రటరీ నవ్వుకుంటూ వచ్చాడు. "పిన్నిగారూ, ఫొటో నిండా దుమ్ము పట్టీసింది. గందాగా ఉందని తడిగుడ్డతో సఫాయీ చేయించేం."

అక్కడ రోజూ తడిగుడ్డ పెట్టకపోతే కంచాలు కూడా ఎర్రబడతాయి, నిజమే. అయినా బొమ్మకీ కిటికీకీ తేడా ఉండద్దూ? గట్టిగా అరిచే అలవాటు నాకు లేదు గాని, ఒళ్లు మండిపోయింది. "తుడిచేటప్పుడు మనిషి మొహాలు కనబడలేదా నాయనా?" అన్నాను.

"ఫికర్ చెయ్యకండి. ఆయిల్ పెయింటుతో మళ్లీ వేసీమనండి. మాసినా కడుక్కోవచ్చు."

కడుక్కోవచ్చట!

"ఇంటికి పట్టుకుపోదాం పదవే," అన్నాను రత్నంతో.

"ఇంటికెందుకే? దుమ్ము నిలవదని నాకు తెలీదేటి? పడతాది, తుడుస్తాం, మళ్లీ పడతాది. గట్టిగా అతికిస్తే అది మావోళ్ల బొమ్మెలా అవుతాది?"

ఆ మాట నాకసలు నచ్చలేదు. "నీ బొమ్మ, నీ ఇష్టం. కానీ తుడిచినవాణ్ణి ఊరికే వదిలేస్తావా?"

"ఎవలొదిలేరే? ఆ సుత్తి ఇలాగియ్యి."

తనే మేకు కొట్టి, ఆ బొమ్మని అలాగే గోడకి తగిలించింది.

సాయంత్రం ఖుర్సీపార్ పేట నుంచి కూడా జనం వచ్చారు. రిటైరయిన ఒక పెద్దాయన బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఏటి రత్నమ్మా, సైకిళ్లున్నాయి, మనోళ్లేరీ?"

"తుడిచీసేరన్నా," అంది రత్నం, హాలంతా వినబడేలా.

అందరూ సెక్రటరీ వైపు తిరిగారు. ఆయన గబగబా వచ్చి బొమ్మ దించబోయాడు. పెద్దాయన కుర్చీ లాక్కుని సరిగ్గా దాని కిందే కూర్చున్నాడు. "ఉండనీ బాబూ. మేవు చూసుకోవాల," అన్నాడు. ఉగాది పచ్చడి పంచడం అయిపోయినా లేవలేదు.

మర్నాడు తిరుగురైలెక్కాను. వెడల్పాటి రోడ్లు, రోడ్ల పక్కన చెట్లు, ఊరు బాగుంటుంది, చూసిరండి. నా కోపం మాత్రం తగ్గలేదు. రైల్లో పక్కావిడ నా చీర అంచుకి పట్టిన ఎరుపు చూసి, "తడిగుడ్డతో తుడిచీండి, పోతాది," అంది.

"తెలుసమ్మా," అన్నాను. తుడవలేదు.