రాజన్న కోడె, సుల్తాన్ బీ పటకారు

ఆడమనిషి కోడెను పడేయడమేమిటని నాగయ్య చావడి ముందు గొంతు చించుకున్న రోజు నీళ్లకొచ్చిన శంకరవ్వ అక్కడే ఉంది. నాగయ్య ఇరవై ఏళ్లుగా ఊళ్లో కోడెలను ఎద్దులుగా మార్చడానికి వాటి విత్తులు కొయ్యతో నలగ్గొట్టేవాడు. సుల్తాన్ బీ, ఎద్దుల గిట్టలకు నాడాలు కొట్టే హమీద్ పెళ్లాం. హమీద్ జ్వరమొచ్చి పోయి నలభై రోజులు నిండాయో లేదో, అతని తాడు భుజాన వేసుకుని, కోడెల పని ఇక తానే చేస్తానని వీధిలోకొచ్చింది. ఊరు ఊరంతా నోరు తెరిచింది.

“సిగ్గుండాలె బీబీ! మగోళ్ల పని గది,” అన్నాడు నాగయ్య.

“పని కోడెకు గదా నాగయ్యా! నీకెందుకు సిగ్గు? నీకేమన్న చేస్తనన్ననా?”

నీళ్లకొచ్చిన ఆడవాళ్లు బిందెలు దించి మరీ నవ్వారు. నాగయ్య మొహం కందగడ్డయింది. “గంత మొనగత్తెవైతే నా కోడెను పడెయ్యి. నలుగురం పట్టినా ఆగదది.”

సుల్తాన్ బీ భుజం మీది తాడు విప్పింది. కోడె మెడకు ఒక ఉచ్చు వేసింది, ముందుకాళ్ల వెనక ఒక చుట్టు, వెనక కాళ్ల ముందర ఇంకో చుట్టు తిప్పి, తాడు కొస పట్టుకుని వెనక్కి నిలబడి మెల్లగా లాగింది. అరుపు లేదు, దెబ్బ లేదు. అంత పొగరుబోతు కోడె బంతిభోజనానికి కూర్చున్నట్టు మోకాళ్లు మడిచి పక్కకు ఒరిగింది. శంకరవ్వ మనుషులను తోసుకుని ముందుకొచ్చింది.

“నాగయ్యా, జర తల పట్టుకో,” అంది సుల్తాన్ బీ.

ఆ బిత్తరపాటులో నాగయ్య కింద కూర్చుని తల పట్టుకున్నాడు. కొట్లాట అక్కడితో ఒడిసింది.

ఆమె నిర్మల్ దిక్కు మనిషి. తండ్రి పశువుల బేరగాడు, అంగట్లోనే పుట్టి పెరిగింది. ధర్మపురికి రెండు కోసుల దూరంలోని ఈ ఊరికి కోడలై వచ్చినా, మనుషుల కంటే దూడలతోనే ఎక్కువ మాట్లాడేది. కొయ్యదెబ్బ తిన్న కోడె మూడు రోజులు గడ్డి ముట్టకుండా పడి ఉంటే ఆమెకూ ముద్ద దిగేది కాదు. పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో, నెత్తురు చుక్క రాకుండా విత్తు నరం నొక్కే పటకారు ఒకటి ఉందని విన్నది. కోడెను పడేసిన నాటి నుంచి తనకు చేదోడుగా తిరుగుతున్న శంకరవ్వను వెంటబెట్టుకుని జగిత్యాల బస్సెక్కింది.

దుకాణంవాడు చెయ్యంత పొడుగు పటకారు తీసి ముందు పెట్టాడు. “పెద్దది కొనుక్కో బీబీ, దున్నపోతులకు సుత పనికొస్తది.”

“దున్నపోతులను నువ్వే సూసుకో. నా చేతికొచ్చేటివి దూడలు,” అని చిన్నవి తీయించింది. రెండు కాగితాల నడుమ దారం పోగు పెట్టి నొక్కింది. మొదటిది కాగితాన్ని చీల్చింది. రెండోది దారాన్ని వదిలేసింది. మూడోదీ అంతే. దుకాణంవాడు విసుక్కున్నాడు. నాలుగోదాన్ని నొక్కి, కాగితం విప్పి చూపింది. లోపల దారం రెండు ముక్కలు, కాగితం మీద గీత తప్ప గాటు లేదు.

“గిదీ! తోలు తెగొద్దు, లోపలి నరం తెగాలె.”

శంకరవ్వ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసింది. ఇనుముకు ఇంత తెలివా! తాడు కూడా నూలుదే కొంది, బొటనవేలంత లావుది. కొబ్బరిపీచు తాడు లేత తోలును ఒరుసుకుంటుందట.

ఆ ఎండాకాలమే ఊళ్లో పెద్ద రైతు లక్ష్మీరాజం పటేల్ కబురంపాడు. ఆయన కొట్టంలో నాలుగు కోడెదూడలు, నాలుగూ తెల్లనివే. అందులో ఒకటి వేములవాడ రాజన్న దేవుడికి మొక్కింది. భార్య అనసూర్యకు కాన్పు కష్టమైనప్పుడు, తల్లీబిడ్డా బతికితే ఆయన గుళ్లో కోడెను కడతానని మొక్కుకున్నాడు, ఇద్దరూ బతికారు. మొక్కిన కోడెకు ముక్కు కుట్టరు, విత్తు ముట్టరు. దాని మెడకు పసుపుగుడ్డ కట్టి ఉంది.

“పసుపుగుడ్డది విడిచిపెట్టి మిగిలిన మూడు కానియ్యుండ్రి,” అని చెప్పి ఆయన పొలానికి పోయాడు.

తాడు వేసే ముందు మెడలో ఏదీ ఉండకూడదన్నది సుల్తాన్ బీ కట్టడి. ఆమె బావి దగ్గర పటకారుకు నూనె పెడుతుంటే, శంకరవ్వ గంటలు, గవ్వల పట్టెడలు విప్పి గంపలో వేసింది. ఆ ఊపులో పసుపుగుడ్డా విప్పింది. దూడలు ఒకదాన్నొకటి తోసుకుని మసలాయి.

సుల్తాన్ బీ వచ్చి అడిగింది. “రాజన్నది ఏది అక్కా?”

శంకరవ్వ దూడలను మార్చి మార్చి చూసింది, నాలుగూ ఒక్కతీరే ఉన్నాయి. తెలియదని ఒప్పుకోవడమా! “గదే, చివరది. నాకు తెల్వదా?” అంది.

మూడు దూడలనూ పడేయడం, నొక్కడం, లేపడం ఇట్టే అయిపోయింది. చుక్క నెత్తురు లేదు. లేచినవి లేచినట్టే గడ్డికి మూతి చాచాయి. ఇక గంటలు కట్టడానికి శంకరవ్వ రెండోదాని మెడ పైకెత్తింది. గంగడోలు వెంట్రుకల్లో గుడ్డ నుంచి అంటిన పసుపు.

దాన్ని వేలితో రాసి చూసింది. చివరి దూడ మెడ చూసింది, పాలలా తెల్లగా ఉంది. దేవుడి సొమ్ము పాడైంది. ఊరికి తెలిస్తే సుల్తాన్ బీ చేతికి మళ్లీ ఒక్క దూడనూ ఇయ్యరు. తురకది కావాలనే చేసిందంటారు, నాగయ్య ముందు నిలబడి అంటాడు.

అటూ ఇటూ చూసి, కొంగు తొట్లో ముంచి పసుపును రుద్దబోయింది. సుల్తాన్ బీ ఆ చెయ్యి పట్టుకుంది. పసుపును చూసింది. గంపలోంచి పసుపుగుడ్డ తీసి ఆ మెడ పక్కన పెట్టి చూసింది.

“సుల్తాన్ బీ, నీ కాళ్లు మొక్కుత! గాయం లేదు, మచ్చ లేదు. పసుపు పోతే ఎవలకు తెలుస్తది? గుడ్డ చివరిదానికి కడుదాం.”

“రాజన్నకు తెల్వదా? ఆయన గుళ్లనే మా దర్గా లేదా? గా తల్లి పానం మీది మొక్కు అక్కా, దాంట్ల కల్తీ చేద్దామా?” పటకారును పైకెత్తి చూపింది. “నన్ను ఊరు నమ్మేది గీ పటకారును చూసి కాదు. చేసింది చేసినట్టు చెప్తనని.”

“చెప్తే నీ బతుకు పోతది చెల్లె!”

“పోనీ.” ఆమె పటకారును గుడ్డలో చుట్టింది, తాడు భుజాన వేసుకుంది. పొలం దారి వైపు రెండడుగులు వేసి ఆగింది. “లక్ష్మీరాజం పటేల్ కాడికి పోతున్న. నొక్కింది నేనే అని నేను చెప్త. నువ్వు సుత రా. రాజన్నది ఏదని నేనడిగితే నువ్వేమన్నవో, గా మాట నీ నోటితోనే ఆయనకు చెప్పు.”