గుండు పందెం

రండి, ఇట్లా దగ్గరగా జరిగి కూర్చోండి, కాళ్ళు చాపుకున్నా ఏమీ అనుకోను. ఇందాక మా మనవడు కొండ దిగి వచ్చి గడపలో నిలబడ్డాడు, కొత్త గుండు, దాని మీద ఆరీ ఆరని చందనం. ఆ వాసన తగిలితే ఇక నా నోరు ఊరుకోదు. అందరికీ అది స్వామి వాసన. నాకు మాత్రం దాని వెనకాలే నెత్తురు వాసన కూడా వస్తుంది.

మా ఇల్లు తిరుపతిలో అలిపిరికి పోయే దోవలో ఉండేది. ముందర నాయన టీ అంగడి, వెనక రెండు గదుల్లో మేము. తెల్లారితే చాలు, మెట్లు దిగి వచ్చే గుండ్లు, పెద్దవీ చిన్నవీ ఆడవాళ్ళవీ, మంచులో ఆవిర్లు చిమ్ముతూ మా బెంచీల మీద వరసగా కూర్చుని టీ తాగుతుంటే, వెనక నుంచి చూస్తే కన్న తల్లి కూడా తన బిడ్డ ఏదో పోల్చుకోలేదు.

నేను మూడో తరగతితో బడి మానేశాను గానీ, అక్షరాలు నిలిచింది మా చిన్నాయన బొగ్గు రాతల వల్ల. నాయన తమ్ముడాయన, సినిమా హాల్లో టికెట్లు చింపే పని. ఏడాది చివర చలికాలం వచ్చిందంటే, ఆ సంవత్సరం వచ్చిన బొమ్మలన్నీ మా అంగడి గోడకు ఎక్కేవి: ఉత్తమ కథ, ఉత్తమ పాట, ఉత్తమ ఫైటింగు, అన్నిటికంటే పైన పెద్దక్షరాలతో ఉత్తమ నటుడు. సర్కారు బహుమతి ఎవరికి వస్తుందో ముందే తేల్చాలని, మిరపకాయ బజ్జీల పొగలో, అల్లం టీ వాసనలో, మగవాళ్ళంతా గొంతులు చించుకునేవాళ్ళు. చిన్నాయనది ఒక హీరో. ఎదురుగా సైకిలు షాపు పెట్టుకున్న మునిరత్నానిది ఇంకో హీరో. మిగిలిన పదకొండు నెలలూ ఇద్దరూ ఒకే బీడీ పంచుకునే స్నేహితులే.

"ఈ ఏడు మావోడిదే అప్పా, రాసి పెట్టుకో" అనేవాడు చిన్నాయన.

"మీవోడు ఏడిస్తే జనం నవ్వినారు, నవ్వితే జడుసుకున్నారు. వానికి బహుమతి గాదబ్బా, మందియ్యాల" అనేవాడు మునిరత్నం.

అంతటితో ఆగేది కాదు. ఒక ఏడు సోడాబుడ్డి ఎగిరి ఒకడి చెవి తెగింది. ఇంకో ఏడు పగిలిన టీ గ్లాసు ఒకడి చెంపలో దిగి, ఆ మచ్చ వాడికి పెళ్ళి ఫోటోలో కూడా పడింది. అందుకే మా అమ్మ ఆ నెల రాగానే గాజు గ్లాసులన్నీ పెట్టెలో దాచేసి, సత్తు లోటాల్లో టీ పోసేది. వీధిలో వాళ్ళకు ఆ లోటాలు చూస్తేనే బహుమతుల కాలం వచ్చిందని తెలిసేది. కేకలు మొదలైతే బజ్జీల తట్ట ఎత్తుకుని బల్ల కిందికి దూరడం నా పని.

ఆ ఏడు మునిరత్నం కొత్త పందెం కట్టాడు. ఎవరి హీరోకు బహుమతి రాకపోతే వాడు గుండు కొట్టించుకోవాలి. నాయన బొండాలు తీసే గరిటె ఎత్తుకుని వచ్చాడు. "స్వామికిచ్చే వెంట్రుకలు సినిమావోళ్ళకిస్తారంట్రా? కండ్లు పోతాయి!" వినేదెవరు?

ఒక పొద్దున బస్సులో పేపరు వచ్చింది. చిన్నాయన హీరోకే బహుమతి. మునిరత్నం మాట ప్రకారం పోయి నున్నగా గుండు చేయించుకుని వచ్చాడు. అక్కడితో సరిపోయేది. కానీ చిన్నాయన మనుషులు అతని షాపు ముందర పలక డప్పులు కొట్టి, ఈలలేసి, ఆ గుండు మీద తాళం వేశారు. మునిరత్నం కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇది స్వామికి మొక్కు గుండు, మీవోనికి గాదు" అని, రోడ్డు మీది పేడ తీసి, గోడ మీద సినిమా పోస్టరులో నవ్వుతున్న చిన్నాయన హీరో కళ్ళకు రెండు చేతులా మెత్తి సందులోకి పోయాడు. ఆ సమయానికి చిన్నాయన హాల్లో ఉన్నాడు.

అదే పొద్దున, చీకటితో, మా అమ్మను కన్న నాయన శ్రీకాళహస్తి నుంచి వచ్చి నేరుగా కొండెక్కాడు. ఆ తాత కలంకారీ పని చేసేవాడు. ఆయన సంచి తెరిస్తే బర్రెపాలలో, కరక్కాయ రసంలో నానిన గుడ్డ వాసన గుప్పుమనేది. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి, నల్లరంగులో ముంచి గీత లాగితే, ఏనుగు తొండమైనా ఒక్క ఊపిరిలో దిగేది. కళ్ళు మాత్రం అన్నిటికన్నా చివర పెట్టేవాడు. మధ్యాహ్నానికి గుండుతో, చందనంతో దిగి వచ్చి సంచి మా ఇంట్లో పెట్టాడు. "ఏం గుండు తాతా" అని నేనూ అమ్మా ఆటపట్టించాం. నవ్వుకుంటూ నీళ్ళు తాగడానికి రోడ్డు అవతలి కొళాయి దగ్గరికి పోయాడు. తాత వచ్చిన సంగతి చిన్నాయనకు తెలియదు.

అప్పుడే, పేడ సంగతి విని చిన్నాయన వచ్చాడు. చేతిలో సైకిలు చైను, అదీ మునిరత్నం షాపులో లాక్కుని వచ్చిందే.

"పాపా, గుండోడు యాడుండాడు మే?"

నేను తాతను ఆటపట్టిస్తున్నాడనే అనుకున్నాను. నవ్వుతూ వేలు చూపించాను. "కొళాయి కాడ నీళ్ళు తాగతా ఉండాడు చిన్నాయనా."

చైను గాలిలో తిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. మొదటి దెబ్బ వంగిన వీపు మీద పడి చొక్కాతో పాటు చర్మం చీలింది. రెండోది తలకు రాబోతే తాత కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎండుకట్టెలు విరిగినట్టు వేళ్ళు విరిగాయి. మూడోది చందనం మీదనే పడి, పచ్చటి తల మీద ఎర్రటి గీత లేచింది. తాత ఇటు తిరిగాడు. చిన్నాయన చేతిలోని చైను జారి కింద పడింది.

కేకలకు సందులో నుంచి పరిగెత్తుకొచ్చి, తాతను భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసింది మునిరత్నమే. ఇద్దరి గుండ్లూ ఒకదానికొకటి ఆనుకుని, ఒకే నెత్తురుతో తడిసి పోతుంటే వెనక నేను ఏడుస్తూ పరిగెత్తాను. పోలీసులు వస్తే తాత, "మెట్ల మింద జారినా సామీ" అన్నాడు.

మూడు వేళ్ళు మళ్ళీ వంగలేదు. కట్లు ఉన్న రెండు నెలలూ తాత మా ఇంట్లోనే ఉన్నాడు. మూడు పూటలా చిన్నాయనే ముద్ద కలిపి నోటికి అందించేవాడు. ఒకరోజు తాత సంగటి ముద్ద మింగి, "ఏమబ్బా, ఈ ఏడు ఉత్తమ నటుడు మీవోడేనంట గదా?" అన్నాడు. చిన్నాయన తల వంచుకుని ఇంకో ముద్ద పెట్టాడు. ఆ సాయంత్రమే చిన్నాయన గోడ మీది రాతలన్నీ తడిగుడ్డతో తుడిచేశాడు. బతికినన్నాళ్ళూ మళ్ళీ సినిమా చూడలేదు. నేను వేలు చూపించిన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఊరికి పోయే రోజు తాత నన్ను ఒక్కదాన్నే పిలిచి సగం గీసిన గుడ్డ చేతిలో పెట్టాడు. అందులో ఒక అమ్మవారు, ముఖమంతా ఉంది, కళ్ళు లేవు.

"నీళ్ళు తాగతా చంక సందులోనుంచి సూసినా పాపా. నీ వేలు కనబడింది. యవురికీ చెప్పలే. ఆ వేలితోనే ఈమెకు కండ్లు పెట్టు" అన్నాడు.

ఒక కన్ను పెట్టాను, వంకరగా. రెండోదానికి ఇన్నేళ్ళలోనూ చెయ్యి రాలేదు. గుడ్డ నా పెట్టెలోనే ఉంది, కరక్కాయ వాసన మాత్రం పోయింది. సినిమా హాలు పోయి లాడ్జి వచ్చింది. సైకిలు షాపు లేదు, బొగ్గు రాతల గోడ లేదు, ఆ గోడ కింద అరిచినవాళ్ళూ లేరు. ఇదిగో, లోపల మా మనవలు ఫోన్లు పట్టుకుని ఈ ఏడు అవార్డు ఎవరికని గొంతులు పెంచుతున్నారు. వింటున్నారు కదా? నాకు తెలియకుండానే లేచి గాజు గ్లాసులన్నీ తీసి పైన పెట్టేశాను.

మీరూ పొద్దుపోకముందే ఇంటికి చేరండి. మీ ఇంటి మగవాళ్ళ చేతులు చల్లగా ఉండాలి, వాళ్ళ వేళ్ళు పనిలో నిండుగా ఆడాలి, మీ పిల్లలు వేలు చూపిన వైపు ఎప్పుడూ పూలే ఉండాలి.