జంగుబాయి జుట్టు, నా తొందరపాటు

ఆఫీసులో రెండు వారాల సెలవు మిగిలింది, వాడుకోకపోతే మురిగిపోతుంది. నా ప్రయాణానికి అసలు కారణం ఇదే. సేవాభావం అని గొప్పగా రాసుకోవచ్చు కానీ అబద్ధం ఎందుకు? స్నేహితురాలి చర్చి వాళ్ళు లక్సెట్టిపేట దగ్గర ఆడపిల్లల హోం ఒకటి నడుపుతున్నారు, మనిషి సాయం కావాలన్నారు. నాకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు. మర్నాడే బ్యాగు సర్దేశాను.

పొద్దున ఆరింటికి సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో ఎక్కితే పది దాటేసరికి కరీంనగర్. అక్కడ టిఫిన్ చేసి, చొప్పదండి, ధర్మారం మీదుగా వెళ్ళే బస్సు పట్టుకుంటే ఇంకో రెండు గంటలు. ఎక్స్‌ప్రెస్ అయినా పల్లెవెలుగు అయినా ఆధార్ చూపిస్తే మన రాష్ట్రం ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి దారిలో నా ఖర్చల్లా ఇడ్లీ, చాయ్‌లకే. రాయపట్నం వంతెన మీద గోదావరి కనిపిస్తుంది, కిటికీ పక్క సీటు వదులుకోకండి. బస్టాండు నుంచి హోంకు ఆటో యాభై రూపాయలు. డ్రైవరు అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"పిల్లల హోంకా అక్కా? ఎన్ని దినాలుంటరు?"

"రెండు వారాలు."

"గట్లనా, నయమే. శానమంది వస్తరు, ఫోటోలు దిగుతరు, మాపటికల్ల పోతరు."

నేను ఆ బాపతు కాదని లోలోపల తెగ మురిసిపోయాను.

హోంలో ముప్పై మంది దాకా పిల్లలు. ఐదింటికి గంట, ప్రార్థన, బోరింగు దగ్గర స్నానాలు, అన్నం, బడి. పిల్లలు బడికి పోయాక నేను వంటచేసే ఎస్తేరమ్మ పక్కన కూర్చుని కూరగాయలు తరిగేదాన్ని. మొదటి వారంలోనే స్టోరు గది సర్దాను, పుస్తకాలకు అట్టలు వేశాను, గోడకు టైంటేబుల్ అంటించాను. అవన్నీ చేయమని నన్ను ఎవరూ అడగలేదు.

నా టైంటేబుల్‌కు లొంగనిది ఒక్కటే, శనివారం మధ్యాహ్నం. ఆ రోజు పిల్లలంతా వరండాలో ఒకరి వెనుక ఒకరు కూర్చుని ముందున్న పిల్లకు పేలు చూస్తారు. దాన్ని వాళ్ళు రైలు అంటారు. మూడు గంటలైనా ఆ రైలు కదలదు. ఒకటే కబుర్లు. ఇంత సమయం వృథా అవుతోందే అని నాకు ఒళ్ళు మండింది. రెండో శనివారం వార్డెన్ మేడం చుట్టాల పెళ్ళికి కరీంనగర్ వెళ్ళడంతో నా చేతికి పగ్గం దొరికినట్టయింది. బజారు నుంచి మంగలిని పిలిపించి, చిన్న పిల్లలు ఆరుగురికి మెషిన్ పెట్టించి జుట్టంతా తీయించాను.

ఎస్తేరమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "మేడమొచ్చేదాక ఆగరాదమ్మా? రేపు రెండో ఐతారం, తల్లులొస్తరు."

"మంచిదే కదా, పిల్లలు శుభ్రంగా కనపడతారు," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఆరుగురిలో జంగుబాయి ఒకతె. ఏడేళ్ళ గోండు పిల్ల, నడుం దాటిన జుట్టు. తండ్రి లేడు. ఉట్నూర్ అవతల గూడెంలో తల్లి కూలి పనికి పోతుంది. నేనున్నన్నాళ్ళూ ఆ పిల్ల నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. మంగలి ముందు కూడా ఏడవలేదు. కిందపడిన జుట్టును మాత్రం చూస్తూ నిలబడింది.

ఆదివారం పదకొండింటికి తల్లి వచ్చింది. తెల్లవారకముందే బయలుదేరి, ఉట్నూర్ దాకా జీపులో, అక్కడి నుంచి బస్సులో. చేతిసంచిలో చిన్న సీసాతో ఇప్పనూనె, ఒక దువ్వెన. జంగుబాయి తలకు తువ్వాలు చుట్టుకుని నీళ్ళ ట్యాంకు వెనక దాక్కుంది. తల్లి వెతికి పట్టుకుని తువ్వాలు తీసింది. తల మీద చెయ్యి వేసి, నుదురు చూసి, మెడ కింద చూసింది. తర్వాత మా వైపు తిరిగింది.

"ఏం జొరమొచ్చి బిడ్డ జుట్టు తీసిన్రు? నాకెందుకు కవురు పెట్టలే?"

"జ్వరం లేదమ్మా. పేలు ఉన్నాయని నేనే తీయించాను," అన్నాను.

"పేలా? అవి నేను సూడనా? నెలకొక్క పూట నేనొచ్చుడే గందుకు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఎస్తేరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఎదురుంగ కూసోబెడితే గా పిల్ల నోరు తెరువది. తల్లి ఎనుక కూసోని తల దువ్వుతుంటెనే అన్ని చెప్పుకుంటది. బడిల ఎవలు కొట్టిన్రు, కలల ఏమొచ్చింది, అన్ని. మూడింటి బస్సు దాక గదే వాళ్ళ ముచ్చట." శనివారం రైలులో పిల్లలు ఏం చేస్తున్నారో కూడా నాకు అప్పుడే అర్థమైంది.

ఆ రోజు తల్లీబిడ్డలు వరండాలో ఎదురెదురుగా కూర్చున్నారు. తల్లి చేతులు ఒడిలో ఊరికే ఉన్నాయి. కాసేపటికి, చూడటానికి ఎవరూ రాని మరో పిల్ల వచ్చి, అడక్కుండానే ఆమె ముందు వీపు పెట్టి కూర్చుంది. ఆమె కాదనలేకపోయింది, సీసా మూత తీసింది. జంగుబాయి కొంతసేపు చూసి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఎంత పిలిచినా రాలేదు. తల్లి మూడింటి దాకా ఉండలేదు, ఒంటిగంట బస్సుకే వెళ్ళిపోయింది.

సోమవారం నేనూ బయలుదేరాను. జంగుబాయికి క్షమాపణ చెప్పాను, కానీ నేను చెప్పేది ఏడేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుంది? జుట్టు మళ్ళీ పెరుగుతుందని అందరూ నన్ను ఓదార్చారు. పెరుగుతుంది, నాకూ తెలుసు. చేతికి అందేంత పెరిగేదాకా ఆ పిల్ల ఎన్ని ఆదివారాలు నోరు తెరవకుండా గడపాలో లెక్కేస్తే నాకు దుఃఖం ఆగదు. నా సెలవు మురిగిపోయినా ఎవరికీ నష్టం ఉండేది కాదు.

మీరు అక్కడికి వెళ్ళాలనుకుంటే తప్పకుండా వెళ్ళండి, కూరగాయలు తరిగే చేతులు వాళ్ళకు నిజంగానే అవసరం. నెలలో రెండో ఆదివారం మాత్రం పొద్దున్నే బస్సెక్కి ధర్మపురి వెళ్ళి, గోదావరి ఒడ్డున కూర్చుని, తల్లులు వెళ్ళిపోయాక సాయంత్రం తిరిగి రండి.