ఫోన్‌ల పిల్లికూన

మొయినాబాద్‌ల మా ఇంట్ల కిరాయికున్నోళ్ల చిన్నబిడ్డ ఫోన్ గేమ్‌ల ఒక పిల్లికూనను సాదుతుండె. గడియకోసారి ఫోన్ చెవికి ఆనించి దాని ఊపిరి వింటుండె.

ఒకరోజు వాళ్లమ్మను ఆపరేషన్‌కు దవాఖానకు తీస్కపోతూ పిల్లను నా దగ్గర ఇడ్సిపోయిన్రు. కరెంట్ లేక మధ్యాహ్నం ఫోన్ బందయింది.

"అత్తా, తిండి పెట్టకుంటే ఇది సస్తది. ఇది సస్తే అమ్మ గూడ సస్తదా?"

"అట్లేం కాదు బిడ్డా" అని నేనన్న గని, దవాఖాన నుంచి నాకూ ఇంకా ఏ కబురు రాలే.

ఇన్వర్టర్ ఉన్న మందుల దుకాణానికి ఉరికి ఛార్జింగ్ పెట్టినం. తెర మీద పిల్లికూన కండ్లు మూసుకొని పడున్నది. పిల్ల పాలగిన్నె నొక్కంగనే అది మెల్లగ లేచింది.

సాయంత్రం వాళ్ల నాయిన ఫోన్ చేసి అమ్మతోని మాట్లాడిపిచ్చిండు. పిల్ల ఏడ్వలే.

"అమ్మా, పాలు తాగినవా? ఎవ్వరియ్యకున్నా నేనొచ్చి ఇస్త" అన్నది.