ఉమ్రాకు వెళ్ళొచ్చిన దగ్గు

వంటలో రుచి చెడితే ఒకేసారి రెండు మార్చకూడదు. ఉప్పూ పులుపూ రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇది నాకెవరూ నేర్పలేదు. రియాద్‌లో మలాజ్ వైపు ఒక పాత ఇంట్లో వంటకు చేరాక, విందులకు అన్నం వండుతూ నేర్చుకున్నాను. బియ్యం నాలుగు రెట్లయితే నీళ్ళు నాలుగు రెట్లు పోయకూడదు, ఉప్పు అంతకన్నా తక్కువ పెరగాలి. గిన్నెలు మాడ్చుకుంటూ కట్టుకున్న లెక్క. ఒకసారికి ఒకటే మార్చి చూడాలన్న ఆ లెక్కనే చివరికి నా దగ్గు మీద వేయాల్సి వచ్చింది.

చలికాలంలో జలుబు చేసింది. జలుబు పోయింది, దగ్గు ఉండిపోయింది. గొంతులోది కాదు, రొమ్ము అడుగు నుంచి తన్నుకొచ్చేది. మా యజమానురాలు మదామ్ చెడ్డ మనిషి కాదు, తనే ఆసుపత్రికి పంపింది. సిరప్పు ఇచ్చారు. తర్వాత మాత్రలు, ఆ తర్వాత ఇంకో రంగు సిరప్పు. ఇంట్లో తేనె, నల్లజీలకర్ర. ఊళ్ళో ఉన్న చెల్లెలు ఫోనులో మిరియాల కషాయం చెప్పింది.

"నువ్వు హలో అనక్కర్లేదక్కా, ఆ దగ్గు వినపడితే చాలు, నువ్వేనని తెలిసిపోతంది."

నవ్వాను. నవ్వితే మళ్ళీ దగ్గు.

మదామ్ భయమంతా వాళ్ళ అమ్మ గురించి. ఆ పెద్దావిడని నేను మామా కబీరా అంటాను, ఇంట్లో పెద్దమ్మ అన్నమాట. చూపు దాదాపు లేదు. మంచం దిగాలంటే మనిషి కావాలి. తినిపించేది, ఒళ్ళు తుడిచేది నేనే.

"రంజాన్‌లోపు తగ్గకపోతే నిన్ను ఆఫీసుకి తిప్పి పంపేస్తాను, ఏమీ అనుకోకు. మా అమ్మకి అంటుకుంటే ఎలా?" అంది మదామ్.

ఆఫీసంటే మమ్మల్ని ఇక్కడికి తెప్పించిన ఏజెన్సీ. దగ్గే మనిషిని ఇంకో ఇల్లు తీసుకోదు, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి విమానం ఎక్కిస్తారు. మా చిన్నమ్మాయి నర్సింగు చదువు అప్పటికి సగంలో ఉంది.

మళ్ళీ ఆసుపత్రికి వెళితే ఛాతీ ఎక్స్‌రే తీశారు. అక్కడి నర్సు మాటలో గోదావరి యాస వినపడగానే నాకు సగం బరువు దిగింది.

"ఫిల్ములో ఏం లేదు పిన్నీ. టీబీ కాదు, ఏం కాదు. శుభ్రంగా ఉన్నావు."

"శుభ్రంగా ఉంటే ఈ దగ్గేంటి తల్లీ?"

"పొగ దగ్గర పనిచేస్తావా?"

"గ్యాసు పొయ్యే. పైన చిమ్నీ కూడా ఉంది."

"ఇంకెక్కడా పొగ లేదా?"

"లేదమ్మా."

లేదనే అనుకున్నాను. డాక్టరు మళ్ళీ మొదటి సిరప్పే రాశాడు. సీసా చూడగానే నీరసం వచ్చింది.

ఇక నా పద్ధతిలో మొదలుపెట్టాను. ముందు ఏసీ కింద పడుకోవడం మానాను. తగ్గలేదు. మళ్ళీ అక్కడే పడుకుని, బాత్‌రూముల్లో బ్లీచు వాడటం మానాను. తగ్గలేదు. నా కూరలో ఎండుమిరప తాలింపు మానాను. దగ్గు అలాగే ఉంది, తిండి మాత్రం చప్పగా అయిపోయింది. మార్చడానికి ఇంకేమీ మిగల్లేదు. రంజాన్ దగ్గర పడుతోంది.

అప్పుడే మదామ్ వాళ్ళు ఉమ్రా యాత్రకు మక్కా వెళ్ళారు, అది చేస్తే పాపాలు పోతాయంటారు. పెద్దావిడ, నేను మిగిలాం. ఇంటికి చుట్టాలు లేరు, విందులు లేవు. రెండో రోజుకే రొమ్ము తేలికపడింది. విశ్రాంతి వల్లేమో అనుకున్నాను. వాళ్ళు తిరిగొచ్చిన సాయంత్రం ఇంటినిండా పలకరించేవాళ్ళు. ఎప్పటిలాగే నిప్పుల మీద బఖూర్ వేసి, ఆ ధూపపు కుంపటి పట్టుకుని గదిగదికీ తిరిగాను. వంటింట్లోకి వచ్చేసరికి దగ్గు. సింకు పట్టుకుని వంగిపోయాను.

రోజూ మధ్యాహ్నం, చుట్టాలొస్తే సాయంత్రం కూడా, ఆ కుంపటి మోసేది నేనే. వాళ్ళు మక్కాలో ఉన్నన్నాళ్ళూ దాన్ని రాజేయలేదు. అది పొగ అని నా బుర్రకు తట్టనేలేదు. పొగంటే మసి, కమురు. ఇది సువాసన, వచ్చినవాళ్ళకు చేసే మర్యాద. దగ్గు ఎక్కువైనప్పుడు మదామ్ తనే జాలిపడి నా ముసుగు కిందికి ధూపం పట్టేది, "మంచి ఊదు, రొమ్ముకి మంచిది" అని. అలాంటి మనిషితో మీ ఇంటి ధూపమే నా జబ్బు అని ఏ నోటితో చెప్పను?

ఆ రాత్రి పెద్దావిడ కాళ్ళు పడుతుంటే ఆవిడే అడిగింది.

"నీ దగ్గు కూడా వీళ్ళతో ఉమ్రాకి వెళ్ళిందా ఏంటి?"

"మామా?"

"వీళ్ళు లేనన్నాళ్ళూ లేదు. వీళ్ళతోనే తిరిగొచ్చింది. దానికి మాత్రం పాపాలు పోలేదే!"

నాకు నవ్వు రాలేదు. మెల్లగా, ధూపం మాట చెప్పాను. ఆవిడ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. నిద్రపోయిందనుకున్నాను.

మర్నాడు కుంపటి రాజేస్తుంటే గదిలోంచి కూతుర్ని కేకేసింది. ఆ ధూపం తన కళ్ళు మండిస్తోందట, దాని వాసన ఉన్నంతసేపూ తలుపు మూసి తన దగ్గర మనిషి ఉండాలట. "మనిషంటే ఆ దగ్గుదే. ఇంకెవరూ వద్దు."

అప్పటినుంచి కుంపటి మదామ్ పెద్దకూతురు తిప్పుతోంది. దగ్గు పూర్తిగా పోలేదుగానీ, రంజాన్ నాటికి మదామ్ చెవిన పడనంత తగ్గింది. తిప్పి పంపే మాట మళ్ళీ రాలేదు. ఇంకో రెండేళ్ళకు కాగితాలు వేయించారు. దానితోపాటు నా పరుపు కూడా పెద్దావిడ గదిలోకి మార్చారు, ఎలాగూ అక్కడే ఉంటున్నావుగా అని. ఇప్పుడు వంటా నాదే, రాత్రుళ్ళు ఆవిడని లేపి కూర్చోబెట్టడమూ నాదే. ధూపం తీసేస్తే నడుంనొప్పి వచ్చి చేరింది. ఒకటి మారిస్తే ఒకటే మారుతుందన్న నా లెక్క వంటింటి వరకే.

తెల్లవారుజామున లేచి వంటింట్లోకి వెళ్ళేటప్పుడు ఆవిడ చీకట్లో చెయ్యి చాచి తడుముతుంది. మాట్లాడే ఓపిక ఉండదు నాకు. ఒకసారి దగ్గుతాను. చెయ్యి మళ్ళీ దుప్పట్లోకి వెళ్ళిపోతుంది.